చరణం చివర ఎ మైనరు

నాయన ఎజ్రాను మట్టిలో పెట్టిన నాటి నుంచి అమృత మనసుకు ఏదీ తగలడం లేదు. ఆదివారం ఆళ్లగడ్డలో బస్సెక్కడం, నంద్యాలలో దిగడం, చర్చిలో పియానో మూత ఎత్తడం, అన్నీ వేరే మనిషెవరో చేస్తున్నట్టు జరిగిపోతున్నాయి. సమాధి కూడికలో సైతం ఆమె ఏడవలేదు. వాయించింది. నేరం అదే అయింది.

అమృత కంటే ముందు ఆ పియానో వాయించింది ఎజ్రా. మూడే కార్డులతో, అంటే ఒకేసారి నొక్కే మూడు స్వరాల గుత్తులతో, జీవితమంతా కీర్తనలు నడిపిన మనిషి. ఫోనులో పాఠాలు చూసి కూతురు ఒక మార్పు తెచ్చింది. చరణం చివర రాగం సి స్వరం మీద నిలిచినప్పుడు, అందరూ ఎదురుచూసే సి మేజరు కార్డుకు బదులు ముందు దిగులుగా మోగే ఎ మైనరు వేస్తుంది. ఒక ఊపిరి తర్వాత సి మేజరుకు వస్తుంది. సి స్వరం రెండు కార్డులలోనూ ఉంది. కాబట్టి పాడేవాళ్ల గొంతు కదలనక్కర్లేదు. దాని కింది నేల మాత్రమే మారుతుంది.

మొదటిసారి విన్నప్పుడు ఎజ్రా, "గడప ముందర రవ్వంత నిలబడి ఇంట్లోకి పోయినట్టుండాదే" అన్నాడు. తన సమాధి నాడు అదే వాయించమన్నాడు.

వాయించింది. మూడో ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఆనందరావు ఆమెను వాకిట్లో ఆపాడు.

"కీర్తన రాగం మారుస్తాండావంట. సావు కాడ సినిమా పాట మాదిరి వాయిస్తావా? ఇంక నువ్వు ఆడ కూసోవద్దు మే."

ఏ స్వరం మారిందో ఆయన చెప్పలేదు. ఆమె ఏమంటుందో అడగనూ లేదు. ఫిర్యాదు చేసినదెవరో, తీర్మానం ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. ఆరోపించినవాడే తీర్పరి అయిన చోట విచారణకు తావెక్కడిది? అమృత తల ఊపి, పియానో తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. అప్పుడూ ఏమీ తగలలేదు.

తర్వాతి వారం పియానో స్థానంలో పెన్‌డ్రైవు గుచ్చిన స్పీకరు పెట్టె మోగింది. అమృత ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. ఎప్పటిలాగే ఆ వరుసలోంచి జీవమ్మ పాట ఎత్తింది, సంఘం అందుకుంది. చరణం చివరి స్వరాన్ని, పియానో సి మేజరుకు వచ్చేదాకా పట్టి ఉంచడం ఆ జనానికి ఎప్పుడో అలవాటైపోయింది. మొదటి చరణం ముగిసింది. జనం ఆగారు. పెట్టె ఆగక రెండో చరణంలోకి వెళ్లిపోయింది. కొందరు దాని వెంటపడ్డారు, కొందరు నిలిచిపోయారు. రెండో చరణం చివరా అదే రభస. ఆనందరావు పెట్టె ఆపాడు.

"ఏందీ, అందరూ ఆడ నిలబడిపోతాండారు?"

"ఆడ అమృత పిలుస్తాదప్పా, అప్పుడు పోతాం" అంది జీవమ్మ. "నీ పెట్టెకు పిలిచేది తెల్దు. ఎక్కేటోళ్లు ఎక్కనీ అని బస్సు మాదిరి పోతాండాది."

వెనక ఎవరో నవ్వారు. ఆనందరావు జేబులోంచి పియానో తాళంచెవి తీసి అమృత వైపు చాచాడు.

"రామ్మా. ఈ పొద్దుకు వాయించు."

అమృత లేచింది. తాళంచెవి అందుకోలేదు.

"రాగం మార్చినానంటివి పెదనాయనా. మార్చలేదని అందరి ముందర చెప్పు. చెప్పినాక కూసుంటా."

"వాయించమంటాండా కదా."

"నేనడిగింది అది కాదు."

ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, పెట్టెను మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. అమృత కూర్చుంది. చరణం చివర జనం మళ్లీ ఆగారు. పెట్టె ముందుకు పోయింది. ఆమె ఎడమచేతి చిటికెన వేలు ఒడిలో చీర మీద ఎ మైనరు అడుగు స్వరాన్ని నొక్కి పట్టింది, గోరు గుడ్డలోంచి తొడకు దిగేంతగా.

ఆ నొప్పి తగిలింది. వేలు తీయలేదు.