ఆరు అక్షరాలు, ఏడు చుక్కలు

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది ఆషాఢంలో మా కంప్యూటర్ సర్వీసు కంపెనీ నన్ను పాతబస్తీకి జోనల్ టెక్నికల్ ఇన్‌ఛార్జిగా వేసింది. శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏ యంత్రం మొరాయించినా నా సంతకం లేకుండా కోలుకునేది కాదు. ఇంతదాకా రాశాక ఒప్పుకోక తప్పదు: జోన్ సిబ్బంది నేనొక్కణ్ణే, వాహనం నా స్కూటరే, ఆ సంతకం రసీదు మీద.

దీపావళి మర్నాడు నరహరి పంతులుగారింటి నుంచి ఫిర్యాదు వచ్చింది. లాల్‌దర్వాజా దగ్గర మూడు తరాలుగా పౌరోహిత్యం చేస్తున్న ఇల్లు, మా ఇంటికీ వాళ్లే పురోహితులు. ఏ ఇంట్లో ఎవరి ఆబ్దికం ఏ తిథినో ఆయన కోడలు వైదేహి ఓపిగ్గా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఆ జాబితా చూసే పంతులుగారు ఆయా ఇళ్లకు ముందుగా ఫోన్ చేసేవారు. ఇప్పుడు పాస్‌వర్డు తప్పంటూ యంత్రం లోపలికే రానివ్వడం లేదు.

"సార్, నేను కొట్టేది ఆరు అక్షరాలు. ఏడు చుక్కలు పడుతున్నయి," అంది వైదేహి.

"అవన్నీ మీకు అర్థం కావమ్మా. ఓఎస్ ఖరాబైంది," అన్నాను.

ఓఎస్ అంటే యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాము. ఇలాంటప్పుడు పద్ధతి ఒకటుంది. ముందు బయటి కీబోర్డు తగిలించి చూడాలి. లాభం లేకపోతే డిస్కు విప్పి, మరో యంత్రానికి తగిలించి, దస్త్రాలన్నీ కాపీ చేసుకోవాలి. ఆపైనే పాతది చెరిపి కొత్తది ఎక్కించాలి. కొత్తగా చేరినవాళ్లకు దీన్ని బోర్డు మీద గీసి మరీ నేర్పినవాణ్ణి. ఆ రోజు కీబోర్డు స్కూటర్ డిక్కీలో ఉంది, స్కూటర్ గల్లీ చివర ఉంది, లోపల భక్ష్యాలు పెనం మీదున్నాయి.

"లిస్టు పోదు కద సార్?" అని వైదేహి రెండుసార్లు అడిగింది.

"నా చేతుల మీద ఒక్క ఫైలూ పోలేదమ్మా," అన్నాను. పోయినవి ఎప్పుడూ లెక్కపెట్టలేదన్నది నిజం.

పెన్‌డ్రైవ్ పెట్టి, డిస్కులోని భాగాలన్నీ చెరిపి, కొత్త ఓఎస్ ఎక్కించాను. వాడేవాళ్ల పేరు అది అడిగితే ఒకటి అంకె కొట్టి, పాస్‌వర్డు వద్దన్నాను. తెర పెళ్లికూతురిలా వెలిగింది. వైదేహి వెతికింది. జాబితా లేదు.

పంతులుగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. "ఏందయ్యా ఇంజనీర్ సాబ్, మస్తు సాఫ్ చేసినవ్. పితృదేవతలందరినీ ఒక్క దెబ్బకు సాగనంపినవ్. ఇగ వాళ్ల కొడుకులకు ఎవలు చెప్తరు, నువ్వా?"

ఆయన గూట్లోంచి పాత పంచాంగాలు దించారు. కంప్యూటర్ రాకముందు తిథుల పక్క మార్జిన్లలో పేర్లు రాసుకునేవారు. "కూసో. నేను చదువుత, నువ్వు కొట్టు."

మొదటి పేరులోనే అసలు రోగం బయటపడింది. 'ఎ' నొక్కినప్పుడల్లా పక్కనున్న 'ఎస్' కూడా పడుతోంది. ఆ ఏడో చుక్క అదే. స్క్రూడ్రైవర్ మొనతో మీట లేపితే, రెంటి మధ్యా ఇరుక్కుని ఒక పచ్చటి బియ్యపు గింజ. అక్షింత.

"దసరా నాటిది," అంది వైదేహి. "ఆయుధపూజప్పుడు మామయ్య రెండు గింజలేస్తే, పిలిచినందుకు మీరు గుప్పెడు జల్లిండ్రు సార్. మిషన్‌కు ఆయుష్షు అన్నరు."

అన్నాను. నాకు బాగా గుర్తుంది.

మూడు రోజులు సాయంత్రాలు వెళ్లి కొట్టాను. మూడో రోజు పంతులుగారు "కార్తీక శుద్ధ షష్ఠి" అని చదివి ఆగారు. "ఇది మీ నాయినది. ఎల్లుండే. యాదున్నదా?"

"ఉన్నది," అన్నాను.

లేదు. ఏటా ఆయన ఫోన్ చేస్తేనే గుర్తొచ్చేది. ఆ ఫోను నేను చెరిపిన జాబితాలోంచే వచ్చేది.

కంపెనీ రిజిస్టరులో మాత్రం "ఓఎస్ లోపం, సరిచేయబడింది" అని నేనే రాసి, నేనే సంతకం పెట్టాను. రిటైరయ్యేదాకా బయటి కీబోర్డును మళ్లీ డిక్కీలో పెట్టలేదు, భుజాన సంచిలోనే మోశాను. మా పనిలో వాడేవాళ్లు చెప్పింది ముందు వినాలి, చుక్కలు వాళ్లతో కలిసి లెక్కపెట్టాలి. చెరపడం అన్నిటికన్నా సులువు కాబట్టి దాన్ని చివరికి ఉంచాలి.