కనపడని దారం

ఆయన నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని రేవులో అందరూ వేళాకోళం చేసేవాళ్లు. అలా ముత్యాలాయన అన్న పేరే స్థిరపడిపోయింది. చిన్న పడవలో ఒక్కడే వెళ్లి గాలాలతో చేపలు పట్టడం ఆయన పని. ఆ గాలపు దారాలను కనిపెట్టుకుని ఉండటం ఆయన భార్య పని. ఆమెను రేవులో అందరూ వదిన అనే పిలుస్తారు, ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా. మాటల విషయంలో మాత్రం ఆ ఇంటి భారమంతా వదినే మోసేది.

అయితే ముత్యాలాయన మాట్లాడే చోటు ఒకటుండేది. అప్పట్లో గాలానికి నూలు దారం కట్టేవాళ్లు. చంటిపిల్లకు చేసినంత చాకిరీ చేయాలి దానికి. ఉప్పునీళ్లలో నానిన దారాన్ని ఇంటికి తేగానే మంచినీళ్లలో జాడించి, పెరడంతా బారుగా సాగదీసి, ఆరాక నూనెగుడ్డతో రుద్దాలి. ఒక్కపూట బద్ధకిస్తే చివికిపోయి చేతికొచ్చేది. అందుకని రోజూ సాయంత్రం గోడ దగ్గర ఒక కొస పట్టుకుని ఆయన, వంటింటి గుమ్మం దగ్గర రెండో కొస పట్టుకుని ఆమె నిలబడేవాళ్లు. చేతిలో దారం, మధ్యలో పది బారల దూరం ఉంటే తప్ప ఆయనకు నోరు పెగిలేది కాదు. పెళ్లైన కొత్తలో "ఏమే, నువ్వంటే నాకిష్టం!" అన్న ముక్క కూడా ఆయన అక్కణ్నుంచే కేకేసి చెప్పాడు. అది విన్న పక్కింటి పిన్నిగారు వారం పాటు వదిన కనపడినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత నైలాన్ దారం వచ్చింది. సన్నంగా, గట్టిగా, నీళ్లలో వేస్తే ఉందో లేదో తెలియనంత తేటగా ఉండేది. చివకదు, ఆరబెట్టక్కర్లేదు. మొదటి చుట్ట తెచ్చిన రోజు ఆయన దాన్ని నగలా ఆమె చేతిలో పెట్టి, "ఇక నీకు చాకిరీ తప్పింది" అన్నాడు. ఆమె కూడా సంబరపడింది. చాకిరీతో పాటు కబుర్లు కూడా తప్పాయని తెలిసొచ్చేసరికి నూలు చుట్టలు అటకెక్కేశాయి. ఆపైన ఏమడిగినా ఊఁ, ఆఁ, ఏం లేదు. పెళ్లానికి సుఖం కలగాలని చూసిన మనిషిని ఏమనగలదు? అందుకని ఏళ్ల తరబడి నైలాన్‌నే తిట్టుకుంది. నన్నడిగితే ఆ తిట్లు కాస్త అన్యాయమే.

ఈమధ్య ఆయన కూడా నైలాన్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. నూలు ముడి వేస్తే రాయిలా ఉండేదట, ఇదేమో జారిపోతోందట. నైలాన్ ముడి జారే మాట నిజమే. కానీ దాన్ని ఉమ్మితో తడిపి, నాలుగు మెలికలు ఎక్కువ వేసి బిగించడం రేవులో వాళ్లకు నేర్పిందే ఆయన. వదినకు అనుమానం వచ్చింది. ఒకరోజు ఆయన కిటికీ దగ్గర కూర్చుని గాలం కడుతుంటే గుమ్మంలోంచి చూసింది. దారం కొస గాలం కన్నంలోకి పోకుండా పక్కనుంచి పోతోంది. మళ్లీ పోతోంది. చివరికి ఆయన గాలాన్ని పెదవికి ఆనించుకుని, తడుముకుంటూ ఎక్కించాడు. చేపకు కనపడకూడదని చేసిన దారం ఆయనకే కనపడటం లేదు. రేవు ముఖద్వారానికి రెండు వైపులా బండలే. ఆయన పోయేదేమో ఒంటరిగా.

"కళ్లకేమైందండీ?"

"ఏం లేదు."

"డాక్టరుకి చూపిద్దామా?"

"ఏం లేదంటున్నానుగా!"

మర్నాడు సాయంత్రం ఆమె కొత్త నైలాన్ చుట్ట విప్పింది. "చూడండి, స్ప్రింగులా ఎలా మెలికలు తిరిగిపోతోందో. చెరో వైపు పట్టుకుని లాగితే తిన్నగా అవుతుందట. ఈ కొస పట్టుకుని గోడ దగ్గరికెళ్లండి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పార్లెండి. వెళ్లండి ముందు."

నిజానికి ఎవరూ చెప్పలేదు. అలాగని అబద్ధమూ కాదు. కాసేపు బిగించి పట్టుకుంటే మెలికలు నిజంగానే సడలాయి. తడిగుడ్డతో దారాన్ని తుడుస్తూ, వదిన తన జన్మలో ఎన్నడూ చేయని పని చేసింది. నోరు మూసుకుని నిలబడింది.

చాలాసేపటికి గోడ దగ్గర్నుంచి మాట వచ్చింది. "కుడి కన్ను పోయిందే. ఎడమది కూడా మెల్లగా పోతుందంట. డాక్టరు ఒంటరిగా పడవెక్కొద్దన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వాపేస్తావు. ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యనే?"

ఆపేయాలనే ఉంది ఆమెకు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది.

"ఒంటరిగా వద్దన్నాడు. అంతేగా?"

"అంతే."

"అయితే రేపట్నుంచి నేనూ వస్తా."

"నీకు ఈత రాదు."

"మీకు బండలు కనపడవు. సరిపోయింది!"

ఆయన వైపు దారం కాస్త వదులైంది.

"ఇక్కణ్నుంచి నీ మొహం తెలియటం లేదే," అన్నాడు ఆయన.

ఆమె దారాన్ని చేతికి చుట్టుకుంటూ ముందుకు నడిచింది. కళ్లు కారుతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకూ పని ఉంది.

"ఇప్పుడో?"

"ఊహూఁ."

ఇంకా నడిచింది. "ఇప్పుడు?"

"ఇంకా లేదు."

చుట్టడానికి దారం మిగలనంత దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన మెడ తిప్పి, ఎడమ కన్ను ఆమె మొహానికి ఆనేంత దగ్గరగా వంగి చూశాడు.

"నవ్వుతున్నావనుకున్నానే," అన్నాడు.