అన్న లేవని గురువారం

మా చర్చిలో ఈ సంగతిని రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. అన్నను నేను రెక్క పట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి లాక్కెళ్ళానని కొందరు, ఇద్దరం ఆరాధన మధ్యలో పోట్లాడుకున్నామని కొందరు. మా పిల్లలు పెద్దయ్యాక వీటిలో ఏదో ఒకటి నమ్మేస్తారు. అందుకే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

గుడ్ ఫ్రైడే నాడు మాకు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన ఉంటుంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద సంఘంలోని ఏడుగురు మాట్లాడతారు. మొదటిది, తనను చంపుతున్నవాళ్ళను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట. అది ఏళ్ళ తరబడి మా అన్నదే. డోర్నకల్‌లో రైల్వే పని చేసినన్నాళ్ళూ ఆ రోజుకు సెలవు పెట్టుకుని మరీ వరంగల్ వచ్చేవాడు. ఈ ఏడాది పాస్టరుగారు ఆ మాటను నాకిచ్చారు. నేను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కాంటా వేస్తాను. పదో తరగతి దాటలేదు. పని లేని పూటల్లా లైబ్రరీలో కూర్చుంటాను. రోమా సామ్రాజ్యం గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆ కబురు తెలిసిన రోజు నుంచి అన్న నాతో మాట మానేశాడు. గుడ్ ఫ్రైడేకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చర్చి మెట్ల మీద, అందరూ వింటుండగా, "ఇగ పుస్తకాల పురుగులు గూడ వాక్యం చెప్తయట!" అన్నాడు. జనం నవ్వారు. నాకు ఆ చదువొక్కటే ఆస్తి. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

తర్వాత వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న శుక్రారం గుడికి రాడట మరిదీ. ఇట్లయితే మన రెండిండ్లకు రాకపోకలు గూడ బందే."

"నేనేం జేసిన వదినా?"

"నువ్వు జేసిందేం లేదు. ఆయనకే కడుపుల మండుతాంది. సక్కగ తింటలేడు, పంటలేడు."

గుడ్ ఫ్రైడే ముందు రోజు, గురువారం సాయంత్రం, ప్రభు భోజనం. బల్ల ముందు మోకరించి పాస్టరుగారి చేతి నుంచి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. తోడబుట్టినవాడి మీద మనసులో ఏదైనా ఉంచుకుని బల్ల దగ్గరికి రాకూడదని మాకు చిన్నప్పుడే నేర్పారు. లోపలి సంగతి ఎవరికి కనబడుతుందని చాలామంది లేచి వెళ్తూనే ఉంటారు. అన్న లేవలేదు. వరుసలు ఖాళీ అవుతున్నా బెంచీ చివర తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. అతను బల్ల మానడం నేనెప్పుడూ చూడలేదు.

నేను బల్ల దాకా వెళ్ళి, మోకరించబోతూ వెనక్కి తిరిగి చూశాను. అసూయను దాచుకుని నా పక్కనే మోకరించడం అతనికి ఎంత తేలిక! అలా చేయకుండా సంఘమంతా చూస్తుండగా ఒంటరిగా కూర్చున్నాడు. మెట్ల మీద విన్న మాట అక్కడే నా మనసులోంచి పోయింది. వెనక్కి నడిచి అతని పక్కన కూర్చున్నాను.

"నువ్వెందుకు తిరిగొచ్చినవ్ రా? పో."

"నువ్వు రాకుంటే నేనెట్ల పోవాలె అన్నా?"

"నా లోపట మంచిగ లేదు. నిన్ను చూస్తె కుళ్ళు పుడతాంది. గట్లనే పోయి రొట్టె తినాల్నా?"

"నాకు గూడ నీ మీద కోపముండె. ఇప్పుడు లేదు. రేపు నువ్వే చెప్పు, నేను పాస్టరుగారితోని..."

"చుప్. నీకిచ్చింది నువ్వే చెప్పాలె." అతను నా వైపు తిరిగాడు. "నన్ను మన్నించు తమ్మీ."

"మన్నించిన అన్నా."

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రోమా రాజుల ముచ్చట్లు జర తక్కువ చెప్పు. అసలే ఎండలు, జనం పడిపోతరు."

అందరూ తీసుకోవడం అయిపోయిందని పాస్టరుగారు అప్పటికే పాత్ర మీద తెల్లగుడ్డ కప్పబోతున్నారు. మేం రావడం చూసి ఆ గుడ్డ పక్కన పెట్టి, ఇద్దరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. అన్న మోకాళ్ళు పట్టాల పనిలో అరిగిపోయాయి, బెంచీ మీంచి లేచేటప్పుడే నా చేతి ఆసరా తీసుకున్నాడు. చూసినవాళ్ళకు అది ఎలా కనబడిందో మరి! నాకు మాత్రం చాలా రోజుల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది.

శుక్రవారం అన్న మొదటి బెంచీలో కూర్చున్నాడు. నేను రాసుకున్న కాగితాల్లో సగం జేబులోనే ఉంచి మాట్లాడాను. ఆరాధన అయ్యాక వదిన వాళ్ళింట్లో అందరం కలిసి తిన్నాం. అన్న రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఫోన్ చేసిన వదినకు, మా కోసం ఆగిన పాస్టరుగారికి, నాతో రోజూ విసిగిపోయే లైబ్రరీ అతనికి, అన్నకు నా వందనాలు. పేర్లు రాద్దామనుకున్నాను. అన్న ఒప్పుకోలేదు.

"ఎవల పేరు ముందు రాస్తవ్ రా? మల్ల గదో లొల్లి!"