కొండ పగులుతుందన్న రోజు

పందొమ్మిది వందల అరవైల చివర్లో విజయనగరం దగ్గర ఒక కొండ కింది ఊళ్లో సోషల్ టీచరుగా పనిచేశాను. ఆ వేసవిలో అగ్నిపర్వతాల పాఠం చెప్పాను. భూమి లోతుల్లో వేడికి రాయి కూడా కరుగుతుందని, పైపొర బలహీనంగా ఉన్నచోట పగులు చూసుకుని అది తన్నుకొస్తుందని, పసిఫిక్ చుట్టూ, జపాన్‌లో, జావాలో, ఇటలీలో అలాంటి కొండలున్నాయని, మన దేశానికొస్తే అండమాన్ల దగ్గర ఒక దీవిలో ఉందని పటంలో చూపించాను.

ఆ వారమే ఒక మధ్యాహ్నం భూమి కంపించింది. గూట్లో గిన్నెలు గలగలమని ఊరుకున్నాయి. మర్నాడు పొద్దున కొండ నడుమ పొగ లేచింది.

బడి గుమ్మంలో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

“నువ్వు సెప్పినట్టే అయినాది టీచరమ్మా. కొండ పగుల్తాదంట,” అంది ఒక పెద్దావిడ. ఆవిడ కోడలికి నెలలు నిండాయి. అయినా బండి కట్టించి, ఆ గతుకుల దారిలో, ఎండలో, పుట్టింటికి పంపేస్తానంటోంది.

“మనవైపు అలాంటివి లేవమ్మా.”

“ఎల్లి సూసినావేటి?”

చూడలేదు. “చూసొస్తాను. అందాకా బండి కట్టకండి,” అన్నాను.

ఆవిడ కొడుకు గునపం భుజాన వేసుకుని నాతో వచ్చాడు. పొగ లేచినచోటికి ఎక్కాం. నేల పగుల్లోంచి పొగ వస్తోంది. మంట మాత్రం లేదు. మట్టి మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. నేను చదివిన పుస్తకమే తప్పేమోననిపించింది.

“ఎనక్కెల్లిపోదామేటి?” అన్నాడు.

“తవ్వు.”

నాలుగు పోట్లకి నిప్పు కనబడింది. అతను వెనక్కి గెంతాడు. తర్వాత వంగి చూశాడు. పోడు కోసం ఎవరో తగలబెట్టిన చెట్టు మొద్దు. పైన ఆరినా, వేళ్ల వెంట లోపల రాజుకుంటూనే ఉంది. మట్టి కప్పి దిగాం.

అప్పటికే బండి వెళ్లిపోయింది.

అతను పరుగెత్తాడు. నా చెప్పు తెగితే రెండూ అక్కడే వదిలేసి వెనక పడ్డాను. దారికడ్డంగా పారే గెడ్డ దగ్గర బండి ఆగి ఉంది. ఎద్దుల్ని విప్పేశారు. ఆడవాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. అతను ఇసుకలో కూలబడ్డాడు. ఎంతసేపటికీ బిడ్డ ఏడుపు వినబడలేదు. తర్వాత సన్నగా వినబడింది.

పెద్దావిడ చేతులు కడుక్కుంటూ బయటికొచ్చింది. “ఆడపిల్ల. ఇద్దరూ బాగానే ఉన్నారు. కొండకేటయినాది?”

“మొద్దు కాల్తన్నాదే అమ్మా,” అన్నాడు.

ఆవిడ నా పాదాలకేసి చూసింది.

“బొబ్బలెక్కిపోనాయి. బండెక్కు.”