కంప్యూటర్లో కొన్న జాగాకు నా కాపలా

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మేవాళ్లు కాదంటే మీరు మమ్మల్ని చెడ్డవాళ్లనుకుంటారు. అలా కాదు. ప్రేమలుండేవి, పెట్టుపోతలుండేవి, ఒకరికి జ్వరమొస్తే మిగతావాళ్లకు అన్నం సహించేది కాదు. నమ్మకమే కొంచెం తక్కువ. దానికీ కారణం ఉంది. మా కోరుట్లలో ఏ వాడకట్టుకు పోయినా, గల్ఫ్ వీసా ఇప్పిస్తానన్న ఏజెంటు చేతిలో మునిగినవాళ్లు ఒక్కరైనా ఉంటారు. మా మామయ్య అట్లాగే దుబాయ్ అని బయల్దేరి బొంబాయి దాకా పోయి, ఒక గదిలో ఇరవై మందితో నెలరోజులు పడుకుని, పెట్టె పట్టుకుని తిరిగొచ్చాడు. (ఆ తర్వాత బతికినన్నాళ్లూ బస్సు టికెట్ ఇచ్చినా రెండువైపులా తిప్పి చూసి గానీ జేబులో పెట్టుకోలేదు.) ఆయన పోయాక ఆ అనుమానం ఆస్తిగా మా అత్తకు వచ్చింది. ఇంటికి పెద్దకోడలిని కాబట్టి అత్త నుంచి నాకు వచ్చింది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. చదివింది ఏడో తరగతి. పుట్టిల్లు సిరిసిల్ల. మా బాపుకు రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు ఉండేవి (మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటాం). ఆ చప్పుడులోనే పుట్టాను కాబట్టి నా గొంతు ఇప్పటికీ కొంచెం పెద్దదే. మా ఆయన దుబాయ్‌లో డ్రైవరు. నేను అత్తింట్లో చీరలకు ఫాల్ కుట్టేదాన్ని, అత్త గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టేది. ఇక మా మరిది. జగిత్యాల బస్టాండు వెనక ఒక చిన్న దుకాణం పెట్టి, జిరాక్సులు తీస్తూ, ఉద్యోగాల దరఖాస్తులు కంప్యూటర్లో నింపి పంపేవాడు. ఊరంతా అతన్ని జిరాక్స్ అనే పిలిచేది. ఇంట్లో కూడా అదే పేరు స్థిరపడింది.

ఒక రోజు జిరాక్స్ మధ్యాహ్నం పూటే ఇంటికి వచ్చి, "వదినా, నీ ఏటీఎం కార్డు ఒక్కసారి ఇస్తవా?" అన్నాడు. అత్త చేతిలో తునికాకు కత్తిరిస్తున్న కత్తెర ఆగిపోయింది.

"దేనికిరా?"

"పేర్లు కొంటున్ననే అమ్మా. మూడు."

"పేర్లు కొనుడేందిరా? పుట్టినోళ్లకు ఊకెనే వెడ్తరు గద!"

అప్పుడు మరిది కూర్చుని చెప్పుకొచ్చాడు. కంప్యూటర్లో ప్రతి దుకాణానికీ ఒక పేరుంటుందట, ఆ పేరు కొడితే ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లకైనా ఆ దుకాణం తెరుచుకుంటుందట. ఒక పేరు ఒక్కరికే. జగిత్యాల మామిడిపండ్ల మీద ఒకటి, కోరుట్ల బీడీల మీద ఒకటి, సిరిసిల్ల చీరల మీద ఒకటి, మూడూ ఇంకా ఖాళీగా ఉన్నాయట. (అసలు పేర్లు ఇక్కడ రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.) "జాగ అనుకో అమ్మా. రోడ్డు పక్కన జాగ. ఇయ్యాల మనం దీసుకుంటే రేపు ఎవడో పెద్దోడచ్చి మనల్నే అడుగుతడు. ఏడాదికొక్కపారి కొంచెం గడితే సాలు."

"ఏటేటా గడితే కొన్నట్టెట్లయితదిరా? గది కౌలు," అంది అత్త. చదువు రాని మనిషి. తర్వాత ఎంతో మందిని అడిగాను, ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను కార్డు ఇచ్చాను గానీ చేతికి ఇవ్వలేదు. అతని వెంట జగిత్యాల పోయి, పక్కన నిలబడి, అంకెలు నేనే చెప్పాను. రిజిస్ట్రేషన్ నా పేరు మీద, ఫోన్ నంబరు నాది. మరిది ముఖం చిన్నబోయింది. "గింత అనుమానమా వదినా?" అంటే, "అనుమానం కాదయ్యా, జాగ్రత్త," అన్నాను. అట్లా గజం భూమి లేని నేను ఒక్కరోజులో మూడు జాగాలకు హక్కుదారునయ్యాను. తిరుగు బస్సులో కిటికీ పక్క సీట్లో ఎంత దర్జాగా కూర్చున్నానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

తర్వాత మొదలైంది అసలు పంచాయితీ. ఆ జాగాల్లో ఇల్లు కట్టాలా, ఖాళీగా వదలాలా? మరిది ఖాళీగా వదలాలన్నాడు. దాన్ని పార్కింగ్ అంటారట. ఖాళీ జాగాలో ఎవరెవరివో ప్రకటనల బోర్డులు పెట్టుకోనిస్తే, దారిన పోయేవాళ్లు వాటిని నొక్కినప్పుడల్లా మనకు నాలుగు పైసలు రాలతాయట. కట్టడమంటే అమ్మే సరుకుకు ఫోటోలు తీయాలి, అడిగినవాళ్లకు జవాబు చెప్పాలి, పార్సిళ్లు కట్టాలి. "గంత తిప్పలు మనకెందుకు వదినా?"

నా మనసు మాత్రం సిరిసిల్ల జాగా మీద ఉంది. మా బాపు నేసిన చీరకు బాపు పేరు ఉండేది కాదు. నూలిచ్చే సేటు చీర తీసుకుపోయి తన దుకాణం బొమ్మ అతికించి అమ్ముకునేవాడు. ఒకసారి కోరుట్ల బజారులో ఒకావిడ కట్టుకున్న చీర అంచు చూసి "అది మా బాపు నేసిందే" అని నేనంటే, ఆమె కొంగు సర్దుకుని అనుమానంగా చూసి వెళ్లిపోయింది. ఆ ముచ్చట చెబితే బాపు నవ్వి, "చీర మీద నా పేరుంటదా బిడ్డా, ఆమె నమ్మెతందుకు?" అన్నాడు. ఆ నవ్వు నాకు చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది. ఆ జాగాలో బాపు పేరు మీద ఒక్క దుకాణం పడితే చాలనుకున్నాను.

కట్టుదామని నేననగానే మరిదికి అనుమానం, వదిన జాగాను తండ్రికి రాసిస్తుందేమోనని. అత్తకు అనుమానం, కోడలు ఈ ఇంటి సొమ్ము పుట్టింటికి మోస్తోందని. నాకేమో మరిది దొంగచాటుగా ఎవరికో బేరం పెట్టాడని. దుబాయ్ నుంచి మా ఆయనకు అసలు ఆ జాగాలే లేవని. ఇక బాపు అందరినీ మించాడు. చీరల ఫోటోలు పంపమంటే, ప్రతి చీర మీదా ఒక తువ్వాల కప్పి ఫోటో పంపాడు. అంచు వేలెడంత కనిపిస్తోంది, అంతే.

"బాపూ, చీర అమ్మాలంటే చీర కనవడాలె గదనే?"

"డిజైన్ కనవడితే తెల్లారెవరకు సేటు నేపిస్తడు బిడ్డా. కొన్నంక జూస్తరు తియ్యి."

ఇదంతా విని విని ఒకనాడు అత్త బీడీల చాట పక్కన పెట్టి, "కడీలు వాతినవారా?" అని మరిదిని అడిగింది. మా దిక్కు ప్లాటు కొంటే ఆ రోజే నాలుగు మూలలా కడీలు, అంటే రాతి స్తంభాలు పాతుతారు. లేకపోతే తెల్లారేసరికి అందులో వేరేవాళ్ల గుడిసె ఉంటుంది. మరిది కడీలుండవన్నాడు. "అయితె నడువ్, నేను జూడాలె," అని లేచింది. పసుపు పొట్లం ఒకటి కొంగున కట్టుకుంది కూడా.

జిరాక్స్ దుకాణంలో ఆరేడుగురు దరఖాస్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మరిది సిరిసిల్ల చీరల పేరు కొట్టాడు. తెర తెరుచుకుంది. (మూడింటికీ మాకు తెలియకుండానే బోర్డులు పెట్టేశాడని అప్పుడే బయటపడింది.) మోకాళ్ల నొప్పుల నూనె, పెళ్లి సంబంధాలు, ఆ కింద పెద్ద విమానం బొమ్మ.

"మన జాగల గీళ్లెవ్వర్రా?"

"వాళ్లే మనకు పైసలిచ్చేటోళ్లమ్మా."

"గా విమానమేంది?"

మరిది నెమ్మదిగా అన్నాడు, "దుబాయ్ ఉద్యోగాలు."

అత్త గొంతు దుకాణం దాటి బస్టాండు దాకా వినిపించింది. "మీ నాయిన్ను బొంబాయిల పండవెట్టినోడు మన జాగల దుకాణం వెట్టిండారా? నువ్వు వాని దగ్గర కిరాయి దీసుకుంటవా? తియ్యి! ఇప్పుడే ఖాళీ జేపియ్యి!" దరఖాస్తులవాళ్లు కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అది వేరే కంపెనీ అమ్మా అని మరిది అంటున్నా వినదు. చివరికి పసుపు పొట్లం విప్పి తెర నాలుగు మూలలా చుక్కలు పెట్టి తీర్పు చెప్పింది. "మామిడిది, బీడీలది ఏమన్న జేస్కో. గీ చీరల జాగల మాత్రం వియ్యంకుడు దుకాణం వెట్టుకుంటడు. గీ దొంగలకన్న ఆయనే నయం." మా బాపుకు ఆమె ఇచ్చిన పెద్ద మర్యాద అదే. బస్సెక్కాక నా చెవిలో, "చీర మీది తువ్వాల దియ్యుమను మీ బాపును," అంది.

ఇక కట్టడమే మిగిలింది. అయితే బాపు తువ్వాల తీయడానికి నెలలు పట్టింది. అప్పటిదాకా కాపలా నాది. "ఫోన్‌ల ఎవ్వలేమడిగినా చెప్పకు వదినా, ఇంగ్లీషు మెసేజుల ఏదీ ఒత్తకు, అంత మోసమే," అని మరిది పదిసార్లు చెప్పాడు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి పసుపు డబ్బాలో దాచాను. ఏడాది కావొస్తుండగా ఇంగ్లీషులో మెసేజులు రావడం మొదలైంది. ఒకటి, రెండు, అయిదు. వచ్చింది వచ్చినట్టు తుడిచేశాను. మరిదికి చూపించలేదు. అతను పంపించి నన్ను పరీక్షిస్తున్నాడేమోనని కూడా ఒక మూల అనుమానం.

ఒకరోజు ఫోనే వచ్చింది. చిన్న గొంతు, నీళ్లలా మెత్తగా మాట్లాడుతోంది. "మేడమ్, మీరు పేర్లు కొన్న కంపెనీ నుంచండి. మీ మూడు పేర్లకూ గడువు అయిపోతోందండి. ఇంకా మూడు రోజులే ఉంది."

నేను స్పీకరు పెట్టాను. అత్త బీడీలు వదిలి పక్కకొచ్చి, కానియ్ కానియ్ అని చెయ్యి ఊపింది.

"ఏ ఊరు బిడ్డా నీది? మీ ఇంట్ల అన్నం వెడ్తలేరా, గీ పని జేస్తున్నవ్?"

"అయ్యో, నాకేం ఇవ్వమనట్లేదండి. మీరే లోపలికి వెళ్లి కట్టుకోండి."

"ఆఁ, వోతం! నువ్వు తొవ్వ జూపిస్తే బొంబాయి దాకా వోతం! మా మామను ముంచినోళ్లు నీ కన్న తియ్యగ మాట్లాడిండ్రు, వెట్టెయ్ ఫోను!"

ఆ పిల్ల, "సరే మేడమ్. మర్చిపోకండి మేడమ్," అని పెట్టేసింది. అత్త నా వీపు తట్టి, "నా కోడలు గట్టిది," అంది. పెళ్లయిన రెండేళ్లలో ఆ మాట అదే మొదటిసారి. ఆ రోజు కోడికూరలో కాలి ముక్క నా పళ్లెంలో పడింది. ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

మూడు నెలలకు బాపు సిరిసిల్ల నుంచి పెద్ద సంచితో వచ్చాడు. పన్నెండు చీరలు. ఒక్క తువ్వాలా లేదు. తలకు నూనె రాసుకుని, ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు, తన ఫోటో కూడా అడుగుతారేమోనని. నేను, అత్త, బాపు కలిసి జగిత్యాల పోయాం. దుకాణం బల్ల మీద చీరలు పరిచాం. మరిది పేరు కొట్టాడు. తెర మీద వేరే ఏదో వచ్చింది. మళ్లీ కొట్టాడు. తర్వాత నావైపు తిరిగి, ఇంట్లోవాళ్లకు చెడ్డకబురు చెప్పే గొంతుతో అడిగాడు.

"వదినా, మెసేజులేమన్న అచ్చినయా?"

"అచ్చినయి."

"ఫోను?"

"అచ్చింది," అన్నాను. అత్త అప్పటికే గోడమీది క్యాలెండరు శ్రద్ధగా చూస్తోంది.

ఆ మెసేజులన్నీ గడువు గుర్తుచేసేవేనట. కౌలు కట్టక జాగా పోయింది. ఎవరో తీసుకున్నారు. (మామిడిది, బీడీలదీ కూడా ఆ రోజే పోయాయి గానీ వాటిని ఎవరూ ముట్టలేదు. మరిదికి ఇది ఇంకా పెద్ద అవమానం.) నేను తల ఎత్తలేదు. బాపు కాసేపు ఆ తెరను చూసి, ఒక్కొక్క చీరా మడత పెట్టడం మొదలుపెట్టాడు. "వోతె వోయింది బిడ్డా. తువ్వాలైతే దీసినం గద," అన్నాడు. అప్పుడే, జిరాక్సు కోసం నిలబడ్డ ఒక పంతులమ్మ నీలం చీర అంచు పట్టుకుని, "గిది ఎక్కడిదన్నా? గిసొంటిది నేనెక్కడ జూడలె," అని అడిగింది. బాపు చుట్టూ చూశాడు. సేటు లేడు, బొమ్మ లేదు. "నేనే నేసిన తల్లీ," అన్నాడు. అంతమంది ముందు ఆయన ఆ మాట అనడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. సాయంత్రానికి సంచిలో నాలుగు చీరలే మిగిలాయి.

ఇప్పుడు బాపు పేరు మీద మాకు వేరే జాగా ఉంది. పొడుగాటి పేరు, ఎవరూ ఆశపడనిది. చిన్నదే గానీ కట్టాం. ఏటా గడువు రోజు రాగానే అత్త కళ్లద్దాలు సర్దుకుని "కౌలు గట్టినవా?" అంటుంది. కట్టిన కాగితం చూపిస్తేనే నమ్ముతుంది, రెండువైపులా తిప్పి చూసి. అప్పుడప్పుడు పాత పేరు కొట్టి చూస్తుంటాను. తీసుకున్నవాళ్లెవరో ఇన్నేళ్లైనా అక్కడ ఏమీ కట్టలేదు. అవే నూనెలు, అవే సంబంధాలు, అదే విమానం. అది చూసినప్పుడల్లా ఆ ఫోన్ పిల్ల గుర్తొస్తుంది. మా ఆయన్ని, మరిదిని, అత్తను, కన్న తండ్రినీ అనుమానించిన ఆ ఇరవై రెండేళ్ల నేను, ఆ ఏడాది మొత్తంలో అంత గట్టిగా తిట్టింది ఒక్క ఆ పిల్లనే. నాతో ఉన్నదున్నట్టు నిజం చెప్పిందీ ఆమె ఒక్కతే. ఎక్కడుందో ఏమో. కనిపిస్తే ఒక నీలం చీర పెట్టాలని ఉంది. నమ్మి తీసుకుంటుందో లేదో మరి.