‘నే’ అంటే అవును

కెనడాలో మా ఓక్‌విల్ ఇంట్లో వంటగది కిటికీలోంచి పక్కింటి గరాజ్ తలుపు కనిపిస్తుంది. పదహారేళ్ళుగా నేను చూస్తున్న ప్రకృతి సౌందర్యం అదే. అందుకే గ్రీసు దీవిలో వారం రోజులు రెస్ట్ తీసుకుందామని మావారు అన్నప్పుడు ఒక్కటే షరతు పెట్టాను: గరిటె ముట్టుకోను. "నువ్వు కాళ్ళు చాపుకుని కూర్చో చాలు" అని మాటిచ్చారు. ఆ మాటిచ్చిన మనిషే నా బట్టల మధ్య రైస్ కుక్కర్ కుక్కారు. ఎమర్జెన్సీకట.

దీవిలో మేం దిగిన ఇంటి యజమానురాలు పెద్దావిడ. పక్క వాటాలోనే ఉండేది. వెళ్ళగానే, "రోజూ భోజనం నేను పంపనా?" అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మావారికి మాత్రం మొహమాటం ముంచుకొచ్చింది. "నో నో, మీకెందుకు శ్రమ" అన్నారు. మన ఇళ్ళలో అయితే రెండోసారి అడుగుతారు, మూడోసారికి కంచం పెట్టేస్తారు. ఆవిడ పాపం నో అంటే నో అనుకుని వెళ్ళిపోయింది.

"మళ్ళీ అడగలేదేంటి?" అన్నారు మావారు, గుమ్మం వైపే చూస్తూ.

ఇక చూడండి నా విశ్రాంతి. నీలాల సముద్రం ఎదురుగా మూడు రోజులు పప్పుచారు కాచాను. ఆయనేమో వరండాలో పడక కుర్చీలో వాలి, "ఎంత రిలాక్స్‌డ్‌గా ఉందో కదా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోపు వాసనకి ఆ వీధి పిల్లులన్నీ మా గుమ్మంలో చేరాయి.

నాలుగో రోజు పొద్దున ఆవిడ బుట్టెడు వంకాయలు తెచ్చింది. "మూడు రోజులుగా ఈవిడే వండుతోంది. ఇవాళ మీరు వండుతారా?" అని నేరుగా మావారినే అడిగింది.

ఆయన కంగారుగా నావైపు తిరిగి, "నే..." అన్నారు. నే వండలేనని చెప్పు అనబోయారు. గ్రీకులో ‘నే’ అంటే అవును. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలిసింది. ఆయనకు తెలియదు. నేను చెప్పనూ లేదు.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. బుట్ట ఆయన చేతిలో పెట్టి, భుజం తట్టి, వంటగది గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"కాదని చెప్పవే" అని గొణిగారు.

"మీరే చెప్పండి" అన్నాను.

మొహమాటం కొద్దీ చెప్పలేకపోయారు.

కూర అడుగంటింది. ఉప్పు వెయ్యడం మరిచిపోయారు. అయినా కంచంలో వడ్డించి, నేను కూర్చున్న చోటికే తెచ్చిచ్చారు. పెళ్ళయ్యాక ఆయన చేతి వేడన్నం తినడం అదే మొదటిసారి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాలేదు కదా? పోనీ, రేపట్నుంచి నువ్వే..."

"బాగుంది. రేపు కూడా మీరే చేస్తారా?"

"నే..." అని, గుమ్మం వైపు చూసి చప్పున ఆగిపోయారు. అప్పటికే ఆవిడ రేపటి వంకాయలు కోసుకురావడానికి లేచింది.