మా మేనమామ దిద్దని కొలత

నా చిన్నప్పుడు కొంతకాలం మేము సొంత ఊరు విడిచి బొగ్గుబాయిల ఊళ్లో, అంటే బొగ్గు గనుల దగ్గర బతికాం. మాది వెల్గటూర్ దగ్గరి పల్లె. మా బాపు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. వానలు వరుసగా ఎగ్గొట్టిన ఆ రోజుల్లో గోదావరి మాకు కనుచూపు మేరలోనే ఉన్నా మా మెట్ట చెలకలకు ఆ నీళ్లు ఎక్కేవి కావు. తాళ్లు కూడా ఎండుముఖం పట్టాయి. ఎక్కి దిగిన కష్టానికి కల్లు పట్టే లొట్టి అడుగు తడిస్తే గొప్ప. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మేమూ ఒకరోజు గొడ్డూ గోదా అమ్ముకుని, బట్టలు మూట కట్టుకుని బయలుదేరాం. అప్పటిదాకా పొద్దున్నే ఆకాశం వైపు ఎక్కిన మనిషి ఇక భూమి లోపలికి దిగడం మొదలుపెట్టాడు.

మా బాపుది బదిలీ పని. పర్మినెంటు కూలీ ఎవరైనా రాని రోజున వాళ్ల బదులు దిగి బొగ్గు ఎత్తాలి. ఎవరూ నాగా పెట్టకపోతే ఆ పూట పస్తే. మా పక్క గుడిసెలో మగ్గాలు ఆగిపోయి సిరిసిల్ల నుంచి వలస వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. నేను ఆయన్ని సిరిసిల్ల పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఆయనా బదిలీయే. ఇద్దరూ ఒకే చోట పనిచేసేవారు. వాళ్లు ఇంటికి వచ్చాక చెవుల్లో, కనురెప్పల అంచున మిగిలిపోయే నల్లదనాన్ని తడిగుడ్డతో తుడవడం నా పని.

ఆ ఊళ్లో మాకున్న ఒకే ఒక అండ మా మేనమామ. మా అమ్మకు తోడబుట్టినవాడు. జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఆ ఇంట్లో అంతకుముందు బడి ముఖం చూసినవాళ్లు లేరు. బాయిలో సర్వే పని చేసేవాడు. లోపల తవ్వుతున్న సొరంగాలు ఎటు పోతున్నాయో కొలిచి పటం మీదికి ఎక్కించడమే ఆ పని. మా బాపును పనిలో పెట్టించింది కూడా ఆయనే.

మామ తన పని గురించి చెబుతుంటే నాకు కథ విన్నట్టే ఉండేది. బాయి లోపల దూరపు గుట్ట కనపడదు, సూర్యుడు కనపడడు, దిక్కు తెలియదు. అందుకని కప్పుకు మేకులు కొట్టి, వాటికి దారంతో ఇనుప గుండు వేలాడదీస్తారట. దారం వెనకాల ఒకరు దీపం పట్టుకుంటే, ఇంకొకరు దూరం నుంచి యంత్రంలో ఆ దారాన్ని చూసి కోణం చెబుతారట. మేకుకూ మేకుకూ మధ్య దూరాన్ని ఉక్కు టేపుతో కొలుస్తారట. చూసినవాడు అంకెను గట్టిగా పలకాలి, రాసేవాడు దాన్ని తిరిగి గట్టిగా పలికి ఆ తర్వాతే రాయాలి. తప్పు పడితే రబ్బరుతో తుడవకూడదు, దాని మీద ఒక్క గీత గీసి పక్కన సరైనది రాయాలి. తప్పు కూడా రేపు చూసేవాళ్లకు కనపడాలి అనేవాడు. పని ఆగిన ఆదివారాల్లో లోపల కొలిచి, తర్వాతి రోజుల్లో పైన ఆఫీసులో కూర్చుని ఆ కోణాలనూ దూరాలనూ లెక్క కట్టి, ఉత్తరానికి ఎంత జరిగారో తూర్పుకు ఎంత జరిగారో తేల్చి, గుడ్డ అతికించిన పెద్ద పటం మీద చుక్కలు పెట్టి కలిపేవాడు. కళ్లకు కనపడని చోట అంకెలే మనకు కళ్లు అని ఆయన చెప్పిన మాట నాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు.

ఒక శనివారం సాయంత్రం మామ మా గుడిసెకు వచ్చాడు. మనిషి ముఖం వాడిపోయి ఉంది. అమ్మ మంచినీళ్లు ఇస్తే తాగకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. బాపు వాళ్లు తవ్వుతున్న సొరంగానికి ఒక పక్కన, ఎప్పుడో మూసేసిన పాత బాయి ఉంది. అది నిండా నీళ్లతో ఉంది. రెంటికీ మధ్య పెద్ద బొగ్గు గోడ ఉన్నట్టు పటం చెబుతోంది. కానీ మామ కంటే ముందు ఎవరో కొలిచినప్పుడు ఒక మలుపు దగ్గర కోణం తప్పు పడింది. అక్కడి నుంచి సొరంగం పటం మీద ఒక దిక్కుకు, భూమిలో ఇంకో దిక్కుకు పోతోంది. అది నీళ్ల వైపే పోతోంది. మామ మళ్లీ కొలిచాడు. మళ్లీ అదే తేలింది. బాయి మీద అధికారైన పెద్దసారుకు చూపిస్తే, పాత పటాలు పై అధికారులకు పోయాయని, ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే పని ఆగి అందరూ జవాబు చెప్పుకోవాలని, కొత్త కొలతనే పాతదానికి కలిసేలా దిద్ది సంతకం పెట్టమని అన్నాడట. మామ పెట్టలేదు. పెట్టేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. పైవాళ్లకు ఉత్తరం రాశాడు కానీ, అది ఎప్పుడు చేరాలి, ఎప్పుడు ఎవరు చదవాలి?

బాపు ఆ పూట పనిలో ఉన్నాడు. అమ్మ అంతా విని, మేము అనుకోని మాట అంది.

"గా పనిచోటు మూసేస్తే ముందుగాల ఇంటికి తోలేది బదిలోళ్లనే. మల్ల మేమెటు పోవాలె తమ్మీ? ఊర్లె ఏమున్నది? వాళ్లు జెప్పినట్టు రాసియ్యరాదు, నీదేం బోతది?"

"అక్కా, గోడ సన్నగైంది."

"సన్నగైతే రేపే పడతదా? జరంత సూస్కొని తవ్వుతరు."

మామ నీళ్ల గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ చెడ్డది కాదు. మా పొయ్యి వెలగడం ఒక్కటే ఆమెకు అప్పుడు కనపడుతోంది.

మర్నాడు ఆదివారం. బాపు అంగడికి పోయాడు. మామ మళ్లీ వచ్చాడు, కానీ ఈసారి నవ్వు ముఖంతో వచ్చాడు. సిరిసిల్ల పెద్దబాపు గోడ పెట్టుకుందామని తోలించుకున్న ఇసుక మా రెండు గుడిసెల మధ్య కుప్పగా పడి ఉండేది. మామ మా ఇంట్లోంచి ఒక పగిలిన కుండ తీసుకుని, పక్కనున్న చిల్లిని బంకమట్టితో మూసి, నిండా నీళ్లు పోసి, ఇసుక కుప్పలో ఒక వైపున, ఆ చిల్లి నా దిక్కుకు ఉండేలా పూడ్చాడు. నేను అవతలి వైపు ఉన్నాను. కుండ ఎక్కడుందో నాకు కనపడదు.

"బిడ్డా, మీ బాపు లెక్క నువ్వు గూడ బొగ్గు తవ్వుతవా?" అని అడిగాడు. నేను ఎగిరి గంతేశాను. అమ్మ అక్కడే కూర్చుని వంకాయలు కోస్తోంది. కుండకు ఇవతల ఇసుక ఎంత మందం ఉందో కొలవమని ఆమెకు చెప్పాడు. ఆమె పక్కనుంచి జానెతో కొలిచి, ఒక జానెడు అంది. మామ ఆమె చెవిలో ఏదో గొణిగాడు. ఏమన్నాడో నాకు తర్వాత తెలిసింది. పిల్లకు రెండు జానెలని చెప్పు, ఇంకా తవ్వుకునేది ఉందని సంబరపడుతుంది అన్నాడట. అమ్మ నవ్వి, కత్తిపీట మీది నుంచి చూపు తిప్పకుండానే, "రెండు జానెలున్నది బిడ్డా. జానెన్నర దాక తవ్వుకో, ఏం గాదు" అంది.

నేను బోర్లా పడుకుని తవ్వాను. తడి ఇసుక చల్లగా, మెత్తగా వస్తోంది. చిన్న సొరంగం తయారైంది. లోపలికి చేయి పెట్టి ఇంకా తోడుతున్నాను. అమ్మ చెప్పిన కొలత నా మనసులో ఉంది కాబట్టి భయమే లేదు. వేళ్లకు ఏదో మెత్తగా తగిలింది. పొడిచాను. ఒక్కసారిగా నీళ్లు మోచేతి దాకా తోసుకొచ్చాయి. పైన ఇసుక కుప్ప కుంగి నా భుజం దాకా కూరుకుపోయింది. లాగితే చేయి రాలేదు. తడిసిన ఇసుక ఎంత బరువుంటుందో, అది పట్టుకుంటే ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అమ్మా అని అరిచాను.

అమ్మ కత్తిపీట తన్నేసి పరిగెత్తుకొచ్చింది. రెండు చేతులతో ఇసుక తోడి నన్ను బయటికి లాగింది. కుండ పెంకు గీసుకుని నా మోచేయి చెక్కుకుపోయింది. ఆమె మామ మీద విరుచుకుపడింది.

"ఏంది నీ ఆట? పోరి చెయ్యి ఇరిగితే ఏం జేద్దువు?"

"జెప్పుమన్నది నేనే అక్కా. గని జెప్పింది నువ్వు. పిల్ల నీ మాట నమ్మి తవ్వింది."

అమ్మ ఆ తడి ఇసుకలోనే కూర్చుని, నా చేతిని ఒళ్లో పెట్టుకుని, చీర కొంగుతో నెమ్మదిగా తుడుస్తూ ఉండిపోయింది. చేయి శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉంది. తల ఎత్తకుండా అడిగింది.

"గా గోడెన్క నీళ్లు ఎన్ని ఉంటయ్ తమ్మీ?"

"పెద్ద చెరువు నిండితే ఎన్నుంటయో గన్ని."

బాపు అంగడి నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. విషయం చెప్పింది. రేపు దిగొద్దు అంది. దిగకపోతే పేరు కొట్టేస్తారని బాపు అన్నాడు. కొట్టెయ్యనీ అంది అమ్మ. నేనొక్కడిని దిగకుంటే ఏం లాభం, మిగతావాళ్లు దిగుతారు కదా అని ఆయన అంటే, అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. పొద్దు గూకే దాకా ప్రతి గుడిసె ముందూ ఆగింది. మామ చెప్పినదంతా చెప్పడం ఆమెకు రాదు. కోణం, దిక్కు అని ఆమె ఏమీ వివరించలేదు. చెక్కుకుపోయిన నా మోచేతిని చూపించి, ఇసుకలో ఏం జరిగిందో చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు తలుపు వేసుకున్నారు. సిరిసిల్ల పెద్దబాపు భార్య మాత్రం మాతో పాటు నడవడం మొదలుపెట్టింది.

మర్నాడు మొదటి షిఫ్టు వేళకు బాయికి పోయే దారి మధ్యలో ఆడవాళ్లు కూర్చున్నారు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను. నలుగురిలో నోరెత్తి ఎరగని మా అమ్మ అందరికంటే ముందు కూర్చుంది.  

జీపులో పెద్దసారు వచ్చాడు. ఆడవాళ్లకు బాయితో ఏం పని అని అడిగాడు.

"మా మొగోళ్లు దిగేది గా బాయిలకే గదా సారూ" అంది అమ్మ.

పటంలో గోడ వెడల్పుగా ఉందని, ఎవరో సర్వే కుర్రాడు పని ఎగ్గొట్టడానికి లేనిపోనివి చెప్పాడని ఆయన అన్నాడు. అమ్మ పమిట సర్దుకుని లేచి నిలబడింది.

"గంత గోడుంటే మాకు మంచిదే. ముందుగాల గోడకు పొడుగు బెజ్జం కొట్టి సూడుండ్రి. నీళ్లు రాకుంటే మేమే లేసి దారి ఇస్తం. గప్పటిదాక ఒక్క మనిషిని దిగనియ్యం."

పోలీసులను పిలుస్తామన్నారు. పేర్లు రాసుకుంటామన్నారు. అమ్మ తన పేరు తానే చెప్పింది, మా బాపు పేరు కూడా చెప్పింది. దీపాలు పట్టుకుని నిలబడ్డ కూలీల్లోంచి మా బాపు బయటికి వచ్చాడు. తన దీపాన్ని తిరిగి అప్పజెప్పి, వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. తర్వాత సిరిసిల్ల పెద్దబాపు వచ్చాడు. ఆ తర్వాత పర్మినెంటు వాళ్లు కూడా ఒక్కొక్కరే. మామ ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. ఆయన గొంతు వినిపించింది.

"గా కొలత నేనే రాసిన. తప్పైతే నన్ను కొలువుల నుంచి తీసెయ్యిండ్రి. దిద్దుమంటే మాత్రం దిద్ద."

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బెజ్జం కొట్టడానికి ఒప్పుకున్నారు. మామా, బాపూ, బెజ్జం కొట్టే పనివాళ్లు కొందరూ దిగారు. మేము కదలలేదు. పిల్లలం ఏడిస్తే ఎవరో అటుకులు పెట్టారు. వాళ్లు పైకి వచ్చినప్పుడు బాపు బట్టలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. పటం చెప్పిన గోడలో సగం దూరం కూడా పోకముందే నీళ్లు తన్నుకొచ్చాయట. ఆ తాకిడికి ఇనుప కడ్డీ వెనక్కి ఎగిరిపడిందట. కర్ర బిరడా కొట్టి ఆ బెజ్జాన్ని ఆపేసరికి అందరికీ తల ప్రాణం తోకకు వచ్చిందట. ఆ మాట విని ఎవరూ కేకలు వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్లు లేచి చీరలు దులుపుకుని వంటలకు పోయారు. పెద్దసారు జీపు అప్పటికే లేదు.

అమ్మ భయపడ్డదంతా జరిగింది. ఆ పనిచోటు మూతపడింది. బదిలీలను ఇంటికి పంపారు. మామను దూరపు బాయికి మార్చారు. ఏ కాగితం మీదా ఆయన చేసింది మంచి అని ఎవరూ రాయలేదు. మేము తిరిగి మా పల్లెకు, అక్కడా నిలవలేక కోరుట్లకు చేరాం. అమ్మ బీడీలు చుట్టింది. బాపు దుబాయికి పోయి ఎండలో ఇళ్లు కట్టి, నడుము వంగాక తిరిగి వచ్చాడు. తమ్ముడి మాట విని కూడు పోగొట్టుకున్నావని చుట్టాలు ఎత్తిపొడిస్తే అమ్మ ఆకు కత్తిరిస్తూనే జవాబు చెప్పేది. "కూడు బోయింది. మనుషులున్నరు" అనేది. 

నేను చదువుకుని నర్సునయ్యాను. చాలా ఊళ్లలో పనిచేసి జగిత్యాలలో స్థిరపడ్డాను. ఒక కరువు ఏడాది పసిపిల్లలను తూచి బరువులు రాస్తుంటే, పైనుంచి వచ్చిన ఒక అధికారి అన్నీ తక్కువగా ఉన్నాయని, చూసేవాళ్లకు బాగుండదని, కాస్త పెంచి రాయమని అన్నాడు. నేను రాయనన్నాను. ఎక్కడికైనా పంపిస్తానన్నాడు. పంపండి అన్నాను.  ఇంత మొండితనం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాడు.

"మా ఇంట్ల నేర్పిండ్రు సార్" అన్నాను. వరసలో నిలబడ్డ తల్లి చేతుల్లోంచి తర్వాతి పిల్లను అందుకుని, కాటాలో పడుకోబెట్టి, ముల్లు చూపినంతే గట్టిగా చదివి రాశాను.